కింద గీజర్.. పైన ఏసీ.. మధ్యలో ఎగిరిపోయే ఫ్యూజు! రెండు వాటాల ఇంటికి కరెంటు లోడు పెంచుకునే ముందు ఇవి చూస్కోండి

పల్నాడులో ఎండాకాలం అంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. రెంటచింతల పేరు రోజూ టీవీలో ఉష్ణోగ్రతల పట్టికలో పైనే కనిపిస్తుంటుంది. 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింతేమీ కాదు. రాత్రి పది గంటలకు కూడా శ్లాబు సెగ కక్కుతుంటే ఏసీ లేకుండా పడుకోవడం కష్టమే. అందుకే నరసరావుపేట, మాచర్ల, గురజాల.. ఎక్కడ చూసినా రెండు వాటాల డాబా ఇళ్లకు ఇప్పుడు రెండు, మూడు ఏసీ బాక్సులు వేలాడుతున్నాయి.

ఏసీలైతే వచ్చాయి. మరి కరెంటు సర్వీసు? చాలా ఇళ్లలో అది ఇంకా తాతల నాటిదే.

కింద అన్నయ్య, పైన తమ్ముడు ఉండే ఇల్లు ఒకటి అనుకుందాం. మీటరు ఒక్కటే, మెట్ల కింద ఉంది. తెల్లవారితే తోడికోడళ్ల మధ్య జరిగే మాటలు ఇవీ.. "అక్కా, గీజర్ కట్టేశావా? మోటారు వేస్తన్నా!" "ఆగమ్మా, పిల్లాడి స్నానం అవనీ. రెండూ వేస్తే మళ్లీ ఫీజు పోద్ది!"

వినడానికి నవ్వుగానే ఉంటుంది. కానీ ఆ ఫ్యూజు ఎందుకు పోతోందో పట్టించుకోకుండా లావు తీగ చుట్టేసిన రోజు నుంచి అసలు ప్రమాదం మొదలవుతుంది. అలాంటి ఇంటికి సర్వీసు పెంచుకోవాలంటే ఏం చేయాలి? ఎంత లోడు కావాలి? ఒక మీటరా, రెండు మీటర్లా? బిల్లు పెరుగుతుందా, తగ్గుతుందా? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు మీ ఇంటి లెక్క తేల్చండి

కరెంటు బిల్లు తీసి చూడండి. అందులో లోడు అని కిలోవాట్లలో ఒక అంకె ఉంటుంది. మీరు ఇంత వాడుకుంటానని డిస్కంకు రాసిచ్చిన లెక్క అది. సర్వీసు తీసుకున్న రోజుల్లో ఇంట్లో నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ. అప్పుడు రాసిన లోడు 500 వాట్లో, ఒక కిలోవాటో అయి ఉంటుంది. ఆ తర్వాత ఇల్లు పైకి పెరిగింది, సామాన్లు పెరిగాయి. ఆ అంకె మాత్రం చాలా బిల్లుల్లో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు నిజంగా ఎంత వాడుతున్నారు? ఒకటిన్నర టన్నుల ఏసీ గట్టిగా పనిచేసేటప్పుడు 1,500 వాట్ల దాకా తీసుకుంటుంది. స్టోరేజీ గీజర్ 2,000 వాట్లు. ఇస్త్రీ పెట్టె 1,000. మిక్సీ 750. ఫ్రిజ్ 200 వేసుకోండి. మామూలు ఫ్యాను ఒక్కోటి 75, నాలుగు కలిపి 300. లైట్లు ఎల్‌ఈడీ అయితే అన్నీ కలిపినా 100 దాటవు. ఇండక్షన్ పొయ్యి ఉంటే అదొక్కటే దాదాపు 2,000. బోరు మోటారు ఒక హార్స్ పవర్ అయితే కిలోవాటు పైమాటే. పైగా స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు ఎక్కువ లాగుతుంది.

అన్నీ ఒకేసారి వేయం కదా అంటారు. నిజమే, వేయం. కానీ పొద్దున ఏడు గంటలకు ఏం జరుగుతుందో ఆలోచించండి. పడకగదిలో ఏసీ ఇంకా తిరుగుతోంది. బాత్‌రూమ్‌లో గీజర్ వెలుగుతోంది. వంటింట్లో మిక్సీ. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు మామూలే. ఇవి కలిపితేనే 4,850 వాట్లు. అంటే ఒక్క వాటాకే సుమారు 5 కిలోవాట్లు. సింగిల్ ఫేజ్‌లో ఇది 21 ఆంపియర్లు. పై వాటాలో కూడా అదే సమయానికి అదే పని జరుగుతుంటుంది. రెండూ కలిస్తే 42 ఆంపియర్లు.

ఇక మీటరు ముఖం మీద చూడండి. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 5-30 ఆంపియర్ల మీటరు. 30 వరకే తట్టుకునే దాని మీద నుంచి 42 లాగితే ఏమవుతుంది? మీటరు టెర్మినల్ దగ్గర స్క్రూలు వేడెక్కుతాయి. ప్లాస్టిక్ రంగు మారుతుంది. కాలిన వాసన వస్తుంది. సర్వీసు వైరు అల్యూమినియం, మీటరు దగ్గర రాగి లేదా ఇత్తడి. ఈ రెండు లోహాలు కలిసే చోట వేడెక్కడం, చల్లబడటం వల్ల పట్టు వదులవుతుంది. వదులైతే ఇంకా వేడి. చాలా మీటరు బోర్డులు కాలేది ఇలాగే.

ఎలక్ట్రానిక్ మీటరు డిస్‌ప్లే మారుతూ ఉంటుంది కదా.. అందులో 'కేడబ్ల్యూ' అని వచ్చే అంకె ఒకటి ఉంటుంది. ఆ నెలలో మీరు లాగిన గరిష్ఠ లోడు అదే. 'కేడబ్ల్యూహెచ్' కాదు, అది యూనిట్లు. రెండింటినీ కలపొద్దు. మే నెలలో ఆ అంకెను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఎంత లోడుకు దరఖాస్తు చేయాలన్నది ఎవరినో అడగక్కర్లేదు, మీ మీటరే చెబుతుంది. ఒక్క జాగ్రత్త. మీటరు కొంతసేపటి సగటు తీసి ఈ అంకె చూపిస్తుంది. మోటారు వేసిన క్షణంలో లాగేది అందులో కనపడదు.

ఒక మీటరా.. రెండు మీటర్లా?

అసలు డబ్బు లెక్క ఇక్కడే ఉంది. ఇది తెలియక ఏళ్ల తరబడి ఎక్కువ బిల్లు కడుతున్న ఇళ్లు చాలానే ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల టారిఫ్ స్లాబుల ప్రకారం నడుస్తుంది. 2022-23 టారిఫ్‌లో పెట్టిన లెక్క ఇది.. మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. 76-125కి 4.50. 126-225కి 6 రూపాయలు. 226-400కి 8.75. 400 దాటితే 9.75. మెట్లు ఎక్కినట్టు.. ఏ మెట్టులో వాడిన యూనిట్లకు ఆ మెట్టు ధర పడుతుంది.

రెండు వాటాలు కలిపి నెలకు 600 యూనిట్లు వాడారనుకోండి, ఎండాకాలంలో ఇది పెద్ద సంఖ్యేం కాదు. ఒకే మీటరు మీద అయితే ఎనర్జీ ఛార్జీ రూ.4,498. అదే రెండు మీటర్లు ఉండి ఒక్కోదాని మీద 300 యూనిట్లు తిరిగితే, ఒక్కో బిల్లు రూ.1,673. రెండూ కలిపి రూ.3,346. అంటే నెలకు రూ.1,150 పైగా తేడా! 400 యూనిట్ల నెలలో అయినా తేడా రూ.814. ఫిక్స్‌డ్ ఛార్జీ, ఎలక్ట్రిసిటీ డ్యూటీ, సర్దుబాటు ఛార్జీలు ఇందులో కలపలేదు, అవి వేరే.

మరి రెండో మీటరు ఇస్తారా? ఒకే ఇంటికి రెండు మీటర్లు ఇవ్వరు అని చాలామంది అనుకుంటారు. నిబంధన చూస్తే అలా లేదు. రాష్ట్రంలో విద్యుత్ సరఫరాకు ఏపీఈఆర్‌సీ ఆమోదించిన సాధారణ షరతులు ఉన్నాయి. విడివిడిగా సర్వీసు ఇవ్వడానికి దేన్ని వేరే యూనిట్‌గా లెక్కించాలో వాటిలో రాశారు. ఇళ్ల విషయంలో కొలమానం ఏంటో తెలుసా? వంటిల్లు. వేరే వంటిల్లు ఉన్న కుటుంబాన్ని వేరే యూనిట్‌గానే చూస్తారు. పొయ్యి వేరైతే కాపురం వేరు అని మన పెద్దలు అనుకునే లెక్కే కరెంటు రూల్‌లోనూ ఉందన్నమాట!

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. ఒకే కుటుంబం, ఒకే వంటిల్లు.. కేవలం స్లాబు తప్పించుకోవడానికి పడకగదులకు ఒక మీటరు, హాలుకు ఒక మీటరు పెట్టుకుంటే, ఆ సర్వీసులన్నీ ఒకటిగా కలిపి బిల్లు వేసే అధికారం డిస్కంకు అదే షరతుల్లో ఉంది. కాబట్టి నిజంగా రెండు కాపురాలు ఉంటేనే రెండు మీటర్లు అడగండి.

అద్దెకు ఇచ్చే ఇళ్లలో ఇంకో పద్ధతి చూస్తుంటాం. ఓనరు మీటరు ఒక్కటే ఉంటుంది. పై వాటాకు బజారులో కొన్న సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తారు. ఓనరును తప్పు పట్టడానికి లేదు, ఆయనకు పై స్లాబు పడుతోంది. అద్దెకున్న వాళ్లు మాత్రం నెలకు 100 యూనిట్లు వాడినా పై స్లాబు రేటే కడుతున్నారు. వాళ్లకే మీటరు ఉంటే ఆ 100 యూనిట్లకు అయ్యేది రూ.304. యూనిట్ తొమ్మిది రూపాయల చొప్పున సబ్ మీటరుకు కడితే 900. ఈ లెక్క ఒకసారి ఓనరుతో కూర్చుని చూస్తే గొడవ లేకుండానే తేలిపోతుంది.

బోరు మోటారు, మెట్ల లైటు ఎవరి మీటరు మీద ఉండాలన్నది మాత్రం ముందే మాట్లాడుకోవాలి. రెండు వాటాలకూ ఒకే మోటారు అయితే ఒకరి మీటరు మీద పెట్టి, నెలకు ఇంత అని రెండో వాళ్లు ఇచ్చేయడమే తేలిక. ఒక హార్స్ పవర్ మోటారు రోజుకు గంట తిరిగితే నెలకు 30 యూనిట్ల చిల్లర.. అంతే. దీని కోసం మూడో సర్వీసు ఎందుకు?

కింద షాపు ఉంటే సంగతి వేరు. ఇంటి కరెంటును కిరాణా కొట్టుకో, టైలరింగ్ షాపుకో వాడితే అది కేటగిరీ మార్చి వాడినట్టే. విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 126 కింద ఆ కేటగిరీ టారిఫ్‌కు రెట్టింపు లెక్కగట్టి వసూలు చేస్తారు. షాపుకు కమర్షియల్ మీటరు వేరే తీసుకోవాల్సిందే.

సింగిల్ ఫేజా, త్రీ ఫేజా?

ఒక్కో వాటాకు ఒక ఏసీ, ఒక గీజర్ అయితే రెండు సింగిల్ ఫేజ్ సర్వీసులతో పని జరిగిపోతుంది. ఒక్కో వాటాలో రెండు మూడు ఏసీలు, ఇండక్షన్, పెద్ద మోటారు అంటే త్రీ ఫేజ్ ఆలోచించాలి. లోడు ఎక్కువ అడిగితే డిస్కం వాళ్లే త్రీ ఫేజ్ తీసుకోమంటారు.

త్రీ ఫేజ్‌లో న్యూట్రల్ చాలా ముఖ్యం. స్తంభం దగ్గరో, మీటరు దగ్గరో న్యూట్రల్ వైరు ఊడిందంటే ఇంట్లో ఒక ఫేజ్‌లో వోల్టేజీ 100కి పడిపోవచ్చు, ఇంకో ఫేజ్‌లో 400 దగ్గరకు ఎగబాకొచ్చు. టీవీలు, ఫ్రిజ్‌లు, చార్జర్లు వరసపెట్టి కాలిపోయే సంఘటనల వెనక ఎక్కువసార్లు ఉండేది ఇదే. లైట్లు ఒక గదిలో మసకగా, ఇంకో గదిలో మరీ తెల్లగా వెలుగుతుంటే ఆలస్యం చేయొద్దు. వెంటనే మెయిన్ ఆపేసి 1912కి ఫోన్ చేయండి.

రెండు సింగిల్ ఫేజ్ సర్వీసులు వేరు వేరు ఫేజుల నుంచి వచ్చినా ఒక ప్రమాదం ఉంది. పైన కరెంటు పోయింది, కింద ఉంది. "అన్నయ్యా, ఒక వైరు లాగనా?" అని తమ్ముడు అడుగుతాడు. సొంత ఇల్లే కదా అని లాగేస్తారు. పైన ఫేజు తిరిగి వచ్చిన క్షణాన రెండు ఫేజులూ ఎదురెదురు పడతాయి. వాటి మధ్య ఉండేది 230 కాదు, 415 వోల్టులు. అది మామూలు షార్ట్ సర్క్యూట్ కాదు, చేతిలో బాంబే. అవసరమైతే ఎక్స్‌టెన్షన్ బాక్సుతో ఫ్యాను ఒకటి తిప్పుకోండి, అంతకు మించి వద్దు.

ఎలక్ట్రీషియన్లు ఎక్కువగా చేసే తప్పు

రెండు మీటర్లు వచ్చాక పాత వైరింగ్‌ను విడదీయాలి. ఫేజు వైర్లను జాగ్రత్తగా విడదీస్తారు. న్యూట్రల్ దగ్గరకు వచ్చేసరికి "అది అంతా ఒకటే కదా" అని రెండు వాటాల న్యూట్రల్‌ను కలిపి వదిలేస్తారు. ఒకటే కాదు!

ఫేజు మీటరు ఒకటి నుంచి వెళ్లి, న్యూట్రల్ మీటరు రెండు గుండా తిరిగొస్తే రెండు మీటర్లకూ లెక్క తప్పుతుంది. ఈ కాలపు ఎలక్ట్రానిక్ మీటర్లు చాలా వాటిలో ఫేజు కరెంటునూ, న్యూట్రల్ కరెంటునూ రెండింటినీ కొలిచే ఏర్పాటు ఉంటుంది. రెండూ సమానంగా లేకపోతే ఎర్త్ అని రాసిన ఎర్ర లైటు వెలుగుతుంది. ఏది ఎక్కువుంటే దాని మీద యూనిట్లు లెక్కేస్తుంది. అంటే పై వాళ్లు ఏసీ వేసుకుంటే కింది వాళ్ల మీటరు కూడా తిరగొచ్చు. 'మా వాడకం ఇంత లేదే' అని అన్నదమ్ముల మధ్య అనుమానాలు మొదలయ్యేది ఇక్కడే. ఆ తీగ సంగతి తెలియక మాటలు పెరుగుతాయి.

పరీక్షించడం తేలికే. పై వాటా మెయిన్ ఆపేయండి. కింద గీజర్ వేయండి. పై మీటరు మీద పల్స్ లైటు మెరవకూడదు, ఎర్త్ లైటు వెలగకూడదు. తర్వాత కింద ఆపి పైన వేసి చూడండి. ఏదైనా మెరిసిందంటే ఎక్కడో న్యూట్రల్ కలిసింది. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో దాని న్యూట్రల్ దగ్గర తప్పకుండా చూడాలి, అక్కడే ఎక్కువగా కలుస్తుంటుంది.

ఎంసీబీ పెంచితే లోడు పెరిగినట్టు కాదు

ఇది మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాల్సిన విషయం. 16 ఆంపియర్ల ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని 32 వేయిస్తారు. పడటం ఆగిపోతుంది. "చూశారా, సమస్య తీరింది" అంటాడు మేస్త్రి. నిజానికి ఆ ఎంసీబీ కాపాడుతున్నది గోడలో ఉన్న వైరును. ఆ వైరు అదే పాత వైరు. ఇప్పుడు దానికి కాపలా లేదు.

పాత ఇళ్లలో వైరింగ్ 1/18, 3/20, 7/20 లెక్కల్లో ఉంటుంది. ఇప్పటి చదరపు మిల్లీమీటర్లలో చెప్పాలంటే 1/18 సుమారు 1.2, 3/20 సుమారు 2, 7/20 సుమారు 4.6. ఏసీకి, గీజర్‌కు 1/18 నుంచి తీసిన ప్లగ్గు వాడుతుంటే ఈరోజే ఆపేయండి. కొత్తగా వేయించేటప్పుడు లైట్లు, ఫ్యాన్లకు 1.5, మామూలు పవర్ ప్లగ్గులకు 2.5, ఏసీకి, గీజర్‌కు విడివిడిగా 4, మీటరు నుంచి ఒక్కో వాటా బోర్డుకు 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించడం మంచిది. దూరం ఎక్కువైతే 10.

పల్నాడు ఎండకు ఇంకో లెక్క కలుపుకోవాలి. ఏ వైరు ఎన్ని ఆంపియర్లు మోస్తుందన్నది 30, 40 డిగ్రీల వాతావరణానికి వేసిన లెక్క. మన దగ్గర పై వాటా శ్లాబులో ఉన్న పైపు మధ్యాహ్నం ఎంత వేడిగా ఉంటుందో చేయి పెడితే తెలుస్తుంది. అంత వేడిలో అదే వైరు మోసే సత్తా తగ్గిపోతుంది. ఎంసీబీ కూడా అంతే, దాన్ని సాధారణంగా 30 డిగ్రీలకు సరిచేసి ఉంచుతారు. పడమటి గోడకు ఎండ తగిలేలా బాక్సు పెడితే మధ్యాహ్నం తక్కువ లోడుకే పడిపోతుంటుంది. లోపం ఎంసీబీది కాదు, చోటుది. కొత్త బోర్డు పెట్టించేటప్పుడు తూర్పు వైపో, మెట్ల కిందో నీడ చూసి పెట్టించండి.

రాతి నేలలో ఎర్తింగ్.. అసలు చిక్కు ఇదే

మాచర్ల, పిడుగురాళ్ల, దాచేపల్లి, గురజాల చుట్టుపక్కల అంతా సున్నపురాయి నేల. రెండు మూడు అడుగులు తవ్వగానే గడ్డపార ఖణేల్‌మంటుంది. ఎర్తింగ్‌కు పైపు రెండున్నర, మూడు మీటర్ల లోతుకు దిగాలి. బండ తగలగానే మేస్త్రి అక్కడికి ఆపేసి, పైపు కోసేసి, పైన సిమెంటు పూసేస్తాడు. చూడటానికి ఎర్తింగ్ ఉన్నట్టే ఉంటుంది.

రాయి కరెంటును సరిగా తీసుకోదు. అలాంటి చోట ఎర్త్ రెసిస్టెన్స్ 20 ఓములు వచ్చిందనుకోండి. ఫ్రిజ్ బాడీకి ఫేజు తగిలింది. 230ని 20తో భాగిస్తే వచ్చేది పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడు లాగే కనిపిస్తుంది, అది పడదు. ఫ్రిజ్ బాడీలో కరెంటు అలాగే ఉంటుంది. తడి కాళ్లతో వచ్చి తలుపు తీసేది ఎవరో!

ఆర్‌సీసీబీ ఎందుకు కావాలో ఇక్కడ అర్థమవుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ అంత చిన్న తేడా వచ్చినా క్షణంలో సరఫరా కోసేస్తుంది. పై లెక్కలో తేడా పదకొండున్నర ఆంపియర్లు, అంటే దానికి కావలసినదానికి కొన్ని వందల రెట్లు. ఎర్తింగ్ కాస్త బలహీనంగా ఉన్న రాతి ఊళ్లలో ఇది విలాసం కాదు, తప్పనిసరి. ఒక్కో వాటాకు ఒక్కొక్కటి. 32 ఆంపియర్ల మెయిన్ ఎంసీబీ అయితే 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయండి. దాని మీద ఉండే టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కాలి. పడితే బతికుంది. పడకపోతే మార్చేయండి.

పైన చెప్పిన న్యూట్రల్ కలపడం ఇక్కడ కూడా బయటపడుతుంది. న్యూట్రల్ కలిసి ఉంటే ఆర్‌సీసీబీ నిలబడనే నిలబడదు. "ఊరికే పడిపోతోంది సార్, తీసేద్దాం" అంటారు. తీయొద్దు, కలిసిన న్యూట్రల్ వెతకమనండి.

మరి రాతిలో ఎర్తింగ్ ఎలా? బండ తగిలిన చోట నిలువుగా కుదరకపోతే పెరట్లో పొడవుగా గాడి తీసి జీఐ పట్టీ అడ్డంగా వేయించొచ్చు. లేదా డ్రిల్లింగ్ చేయించి రాడ్డు దింపి చుట్టూ బెంటొనైట్ లాంటి ఎర్తింగ్ పౌడరు నింపించొచ్చు. ఒకటి చాలకపోతే రెండు మూడు గుంటలు తీసి వాటిని కలపాలి. గిన్నెలు కడిగే నీళ్లు పోయే వైపు, తేమ నిలిచే చోట పెడితే మేలు. నరసరావుపేట వైపు నల్లరేగడి నేలలో లోతు సమస్య లేదు. కానీ ఎండాకాలం ఆ నేల పగుళ్లిచ్చి పైపును వదిలేస్తుంది, కాబట్టి వేసవిలో అప్పుడప్పుడు గుంటలో నీళ్లు పోయాలి. బోరు ఇనుప పైపుకో, కుళాయి పైపుకో ఎర్త్ వైరు చుట్టడం మాత్రం మానాలి. ఎక్కడో ఫాల్ట్ వస్తే కుళాయి తిప్పిన మనిషికి షాక్ కొడుతుంది. పని అయ్యాక ఎర్త్ టెస్టరుతో రీడింగ్ తీసి చూపించమని అడగండి. 5 ఓముల లోపు వస్తే బాగున్నట్టు.

దరఖాస్తు ఎక్కడ, ఎన్ని రోజులు?

పల్నాడు జిల్లాకు కరెంటు ఇచ్చేది ఏపీసీపీడీసీఎల్, హెడ్డాఫీసు విజయవాడ. ఈ సంస్థ 2019 డిసెంబరులో ఏర్పాటైంది. అంతకు ముందు మనం తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్ కింద ఉండేవాళ్లం. పాత కాగితాల మీద ఆ పేరే ఉంటే కంగారు పడొద్దు.

చాలా ఇళ్లలో సర్వీసు ఇంకా చనిపోయిన తాతగారి పేరు మీదే ఉంటుంది. ముందు పేరు మార్పించుకోండి. రెండో మీటరుకు వెళ్లినప్పుడు ఇదే పెద్ద అడ్డంకి అవుతుంది. ఇంటి పన్ను రసీదు, ఆధార్, దస్తావేజు నకలు, ఇల్లు ఉమ్మడిదైతే మిగతా వాటాదారుల అంగీకార పత్రం సిద్ధం చేసుకుంటే చాలు. లోడు పెంచుకోవడానికైనా, కొత్త సర్వీసుకైనా మీ గ్రామ, వార్డు సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంటును కలవొచ్చు, మీ సేవలోనో, డిస్కం వెబ్‌సైట్‌లోనో పెట్టుకోవచ్చు.

ఖర్చు ఎంత? లోడు పెంచితే కిలోవాటుకు ఇంత అని డెవలప్‌మెంట్ ఛార్జీ, సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి. ఇది ఒక్కసారి కట్టేది. 2025లో మార్చి 1 నుంచి జూన్ 30 దాకా అదనపు లోడును తామే చెప్పుకున్న వాళ్లకు డెవలప్‌మెంట్ ఛార్జీలో సగం రాయితీ ఇచ్చారు. నెలనెలా పడే భారం మాత్రం చిన్నదే. ఇళ్లకు ఫిక్స్‌డ్ ఛార్జీ కిలోవాటుకు నెలకు 10 రూపాయలు. ఒకటి నుంచి ఐదు కిలోవాట్లకు పెంచుకుంటే నెలకు పెరిగేది 40 రూపాయలు. 'లోడు రాయిస్తే బిల్లు డబుల్ అవుతుంది' అన్న భయంలో పస లేదు.

రాయించకపోతే? తనిఖీలోనో, మీటరు రికార్డులోనో ఎక్కువ లోడు కనిపిస్తే నోటీసు వస్తుంది. ఆ డబ్బు కట్టాల్సిందే, కట్టకపోతే సరఫరా ఆపొచ్చు. దీనికంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఎంతది పెట్టాలన్నది కాగితం మీద ఉన్న లోడు చూసే లెక్కేస్తారు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజుకు మోసేది సుమారు 35 ఆంపియర్లు. రెండు ఇళ్లు పొద్దున్నే చెరో 20 ఆంపియర్లు ఒకే ఫేజు మీద లాగితే దాని పని అయిపోయినట్టే. మే నెల అర్ధరాత్రి వీధి వీధంతా బయట మంచాలు వేసుకుని కూర్చునేది అందుకే.

ఎన్ని రోజుల్లో చేయాలి? విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను కేంద్రం 2024 ఫిబ్రవరిలో సవరించింది. దరఖాస్తు అన్ని వివరాలతో ఉంటే మున్సిపాలిటీల్లో 7 రోజులు, గ్రామాల్లో 15 రోజుల్లో కొత్త కనెక్షన్ ఇవ్వాలి. ఉన్న కనెక్షన్‌లో మార్పులకూ ఇదే గడువు. స్తంభమో, ట్రాన్స్‌ఫార్మరో కొత్తగా వేయాల్సి వస్తే ఎక్కువ సమయం పడుతుంది. దరఖాస్తు నంబరు, తేదీ ఉన్న రసీదు మాత్రం తప్పకుండా తీసుకోండి. గడువు దాటితే ఆ నంబరుతోనే అడగాలి.

డాబా మీద సోలార్ పెట్టే ఆలోచన ఉన్నవాళ్లు రెండు పనులూ కలిపి చూసుకోవచ్చు. పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల దాకా కిలోవాటుకు రూ.30,000, 3 కిలోవాట్లు ఆపైన అయితే మొత్తం రూ.78,000 సబ్సిడీ. 10 కిలోవాట్ల వరకు సోలార్ దరఖాస్తులకు సరిపడా లోడు పెంచే బాధ్యత డిస్కందే అని అదే 2024 సవరణలో ఉంది. కాకపోతే సోలార్ ఒక సర్వీసు నంబరుకే కలుస్తుంది. రెండు వాటాల ఇంట్లో డాబా ఎవరిది, యూనిట్లు ఎవరి బిల్లులో తగ్గాలి అన్నది ప్యానెళ్లు ఎక్కించకముందే తేల్చుకోండి.

పని జరిగే రోజు

స్తంభం మీద పని లైన్‌మన్‌దే. ఎంత తెలిసిన ఎలక్ట్రీషియన్ అయినా, ఎంత చిన్న పని అయినా మీ ఇంటి మనిషిని గానీ, మేస్త్రిని గానీ స్తంభం ఎక్కనివ్వద్దు. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుని లైను ఆపిన తర్వాతే పని మొదలు కావాలి. మీటరు సీలు తీసే అధికారం కూడా సిబ్బందికే ఉంది.

లోపలి వైరింగ్ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుతో చేయించి, టెస్టు రిపోర్టు తీసుకోండి. కొత్త మీటరు పెట్టగానే దాని నంబరు, మొదటి రీడింగ్ ఫొటో తీయండి. పాత మీటరు మార్చితే దాని చివరి రీడింగ్ కూడా. ఆ సాయంత్రమే రెండు వాటాల్లో ఏసీలు, గీజర్లు అన్నీ ఒకేసారి ఒక అరగంట వేసి ఉంచండి. తర్వాత మెయిన్ ఆపి, బోర్డు మూత మీద చేయి పెట్టి చూడండి. ఒక చోట మిగతా చోట్ల కంటే వేడిగా తగిలితే అక్కడ స్క్రూ వదులుగా ఉన్నట్టు. మేస్త్రి ఇంకా వీధి చివర టీ కొట్టు దగ్గరే ఉంటాడు, వెనక్కి పిలవండి.